నాయన కారులో రెండో సీటు

మొన్న పావగడలో మా మునిమనవడి పెళ్ళి ఊరేగింపుకు బెంగుళూరు నుంచి టాపు లేని కారొకటి బాడుగకు తెప్పించారు. ఎర్రటి రంగు, రెండే రెండు సీట్లు, ముందరంతా బంతిపూల దండలు. పెళ్ళికొడుకు తలపాగా చుట్టించుకుని బయటికి వచ్చేలోపల పిల్లకాయలంతా దాని చుట్టూ మూగి ఫోటోలు దిగుతూ, కల్యాణమంటపం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నన్ను చూసి, "రా అవ్వా, ఈ పక్క సీటు ఖాళీగా ఉండాది, కూర్చో, ఒక్క ఫోటో" అని చెయ్యి పట్టి లాగారు. నేను ఎక్కనంటే ఎక్కనన్నాను. ముసలిదానికి భయమని నవ్వుకున్నారు. భయమా, నా బొందా! వీళ్ళ తాతలు పుట్టకముందే, మైసూరు మహారాజుల పాలనలోనే, అచ్చం అలాంటి కారులో జుట్టు రేగిపోయేలా తిరిగినదాన్ని నేను. ఆ మాట వాళ్ళకు చెప్పి లాభం లేదు. పటేలంటే ఏమిటో, పటేలు ముందర నిలబడి నోరు తెరవడమంటే ఏమిటో తెలిసిన నా ఈడువాళ్ళు ఇంకా నలుగురైనా మిగిలి ఉంటారు కదా, వాళ్ళ కోసం చెబుతున్నాను.

మాది వల్లూరు పక్కన ఒక చిన్న ఊరు. మా నాయన ఆ ఊరికి పటేలు. మీసమూ మాటా రెండూ ఎప్పుడూ పైకే ఉండాలనుకునే మనిషి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, బెంగుళూరు దండులో, అదే కంటోన్మెంటులో, ఉన్న ఒక దొర ఎక్కడికో బదిలీ అయి పోతూ తన కారును అమ్మేస్తున్నాడని ఎవరో చెవిన వేస్తే, ఇంట్లో ఒక్కరితోనూ అనకుండా పోయి, దాన్ని కొని, దొర దగ్గరే నడపడం నేర్చుకుని, తుమ్మచెట్ల మధ్య బండిబాటలో దుమ్ము లేపుకుంటూ ఊళ్ళోకి తెచ్చాడు. ముదురాకుపచ్చ రంగు, సైకిలుకు ఉన్నట్టు ఊచల చక్రాలు, ఇంజను మూత మీద తోలు పట్టీ, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. దొర వాడి వాడి అరగదీసిన బండే అయినా, మోటారంటే పావగడకు వచ్చే, బొగ్గుతో నడిచే బస్సును తప్ప చూడని ఊరికి అది ఇంద్రుడి రథమే అయింది. నాయన కళ్ళు నెత్తికెక్కాయంటే ఎక్కవూ మరి?

కొనడం ఒక ఎత్తు, దాన్ని సాకడం ఒక ఎత్తు. పెట్రోలు రేషను చీట్ల మీద తప్ప దొరికేది కాదు, ఆ చీటీ కోసం ఎవరికీ తలవంచని మా నాయన ఎవరెవరికో వంగి వంగి సలాములు కొట్టేవాడు. తుమ్మముల్లు గుచ్చుకుని ట్యూబులు పోతే కొత్తవి దొరక్క టైర్లలో గోనెపీచు కుక్కి నడిపిన రోజులున్నాయి, అప్పుడు లోపల కూర్చున్నవాళ్ళకు పళ్ళు ఊడేంత పనయ్యేది. ఎండలో ఇంజను ఉడికి ఆవిరి చిమ్మితే ఎవరి ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఆడవాళ్ళు తాగడానికి తెచ్చుకున్న బిందెనీళ్ళు దాని నోట్లో పోయాల్సిందే. ఆ కరువులో ఒక బిందె నీళ్ళంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అడ్డం వచ్చిన కోళ్ళకు లెక్కే లేదు.

పొద్దునపూట అది తనంతట తాను లేచేది కాదు. ముందర ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పాలి, దానికీ లేవకపోతే వెనక నుంచి తోయాలి. తోసేది మా జీతగాడూ అతని వీధివాళ్ళూ. ఆ రోజుల్లో 'వాడు' అనేవాళ్ళం, ఇప్పుడు నా నోటికి ఆ మాట రాదు. ఇంజను అందుకోగానే నాయన ఒక్కసారిగా దూసుకుపోయేవాడు, తోసినవాళ్ళంతా పట్టు తప్పి బోర్లా పడేవాళ్ళు, నెత్తి నుంచి పాదాల దాకా దుమ్ము. అది నాయనకు పెద్ద వేడుక. కావాలనే అలా చేసేవాడు. అరుగు మీద నిలబడిన ఊరి పెద్దలు కూడా విరగబడి నవ్వేవాళ్ళు.

ఇక రెండో సీటు. పటేలు పక్కన ఎవరు కూర్చున్నారన్నది ఊరంతా చూసేది, దాన్ని బట్టి వారం రోజులు ఆ మనిషికి మర్యాదలు జరిగేవి. తాలూకాను ఏలే అమల్దారు కూర్చున్నాడు, ఆడపిల్లనైనా ముద్దు చేసి నాయన నన్ను కూర్చోబెట్టుకున్నాడు, ఒకసారి పందెంకోడి కూడా దర్జాగా కూర్చుని వెళ్ళింది. మా అత్త ఒక్కతే కూర్చోలేదు.

అత్త అంటే నాయన చెల్లెలు. చిన్నప్పుడే మోచేతి మీద తొన్ను కనిపించింది. చర్మం తెల్లబారడం తప్ప నొప్పీ లేదు, అంటుకునేదీ కాదు. అయినా చూడవచ్చిన పెళ్ళివాళ్ళు రవికె చెయ్యి పైకెత్తి చూసి లేచిపోయేవాళ్ళు, అలా పోగా పోగా పెళ్ళి మాటే ఎత్తడం మానేశారు. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా రవికె తొడుక్కుని, ఇల్లంతా తన చేతి మీదుగా నడిపేది. నోరు మాత్రం కత్తి. కారు గుడ్డ టాపు చిరిగితే అరుగు మీద పరుచుకుని దబ్బనంతో కుట్టింది కూడా అత్తే, కుడుతూ కుడుతూ, "నీ గుర్రానికి గొంగడి కుట్టే పని నాది, ఎక్కే పని కోడిది, బాగుండాదన్నా నీ న్యాయం" అనేది. నాయన వినిపించుకునేవాడు కాదు. పక్కన కూర్చోబెట్టుకుంటే గాలికి రవికె చెయ్యి పైకి లేచి ఎవరి కంటైనా పడుతుందని ఆయన భయం.

మాలో చనిపోయినవాళ్ళను పూడ్చడమే, కాల్చడం లేదు. మా సీమలో అప్పట్లో ఇంకొక పాడు నమ్మకముండేది, మీకు గుర్తుండే ఉంటుంది. తొన్ను ఉన్న మనిషిని ఊరి పొలిమేరలో పూడిస్తే భూమి ఓర్చుకోదని, వాన ముఖం తిప్పుకుంటుందని. వాన రాకపోతే, పోయిన ఏడాది ఎవరిని పూడ్చారు, వాళ్ళ ఒంటి మీద ఏమైనా ఉండిందా అని ఆరా తీసి, తవ్వి, ఎముకలు పొలిమేర అవతల పారబోసేవాళ్ళు. ఒక ఏడు చెనిక్కాయలు విత్తే కాలం దాటిపోతున్నా చినుకు లేదు. మా జీతగాడి తండ్రి ఆ ముందటేడే చనిపోయాడు, ఆయన కాళ్ళ మీద తెల్లమచ్చలుండేవి. ఊరు పోగై పటేలు మాట కోసం నిలబడింది.

ఆ పొద్దు పక్క సీట్లో నేనున్నాను. ఆపితే మళ్ళీ లేవదని నాయన ఇంజను ఆపలేదు, కిందికి దిగలేదు. జీతగాడు తలుపు పట్టుకుని, "వద్దు పటేలప్పా, మా నాయన నీ చేన్లోనే పనిచేసి సచ్చినాడు, ఆయన్ను కదిలీవద్దు, నీ కాళ్ళు మొక్కుతా" అని ఏడుస్తుంటే, ఆ చప్పుడులో వినపడనట్టు నాయన గొంతు పెంచి, "తవ్వి వాగులో పారేయండి" అని ఒక్క మాట చెప్పి గేరు వేశాడు. తలుపు పట్టుకున్న మనిషి కారుతో పాటు కొంత దూరం పరుగెత్తి, పడ్డాడు. మళ్ళీ మేము తిరిగి వచ్చేటప్పటికి గంప ఒకటి ఎత్తుకుని నలుగురు వాగు వైపు పోతున్నారు. నేను కళ్ళు మూసుకుంటే నాయన, "చూడు, చూడు, ఏం కాదు" అన్నాడు. మరునాడు పొద్దున కారు లేవలేదు. జీతగాడే వచ్చి తోశాడు.

ఎముకలు పారేసిన నాటి రాత్రి అత్త అన్నం ముట్టలేదు. నాయనకు వడ్డిస్తూ వడ్డిస్తూ చెయ్యి ఆపి, "అన్నా, నేను పోయినాక నన్నూ ఇట్లనే తవ్విస్తావా?" అని అడిగింది. నాయన మొదట కసిరాడు, తర్వాత ఏమనుకున్నాడో, నువ్వు పటేలు చెల్లెలివి, నిన్నెవరు ముట్టుకుంటారన్నాడు. అత్త ఊరుకోలేదు. బావి చేన్లో అమ్మ పక్కన నాకింత చోటు చాలు, నన్ను ఆడ పెట్టి ఆన్నే ఉండనిస్తానని చెప్పు, నాకింకేమీ వద్దు అంది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఆ కారు సీటు లేదు, ఆమె ఈ లోకంలో నోరు తెరిచి అడిగింది ఆ మట్టి ఒక్కటే. నాయన సరేనన్నాడు. నేనక్కడే కూర్చుని విన్నాను.

రెండేళ్ళు తిరగకుండానే అత్తకు జబ్బు చేసింది. కడుపు ఉబ్బి, కాళ్ళు నీరెక్కి మంచాన పడింది. తొన్ను కూడా మెడ మీదికి, పెదవుల మీదికి పాకింది, ఇక ఏ రవికె దాచగలదు? సరిగ్గా అప్పుడే మళ్ళీ కరువు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమె మొహం చూసి పోయి, ఈమె పోతే ఎక్కడ పూడుస్తారని ఊళ్ళో గుసగుసలాడారు. ఒకనాటి పొద్దున మా ఇంటి ముందర ఊరు నిలబడింది, అందరికంటే ముందు మా జీతగాడు. ఆ మనిషి అంత నిటారుగా నిలబడగా నేను అంతవరకు చూడలేదు.

"పటేలప్పా, మా నాయనకొక న్యాయము, నీ చెల్లెలికొక న్యాయమా? నీ నోటితోనే చెప్పు, వినిపోతాము" అన్నాడు.

నాయన మొహం నల్లబడింది. మీసం మీద చెయ్యి వేసుకుని, "నా చెల్లెల్ని మన పొలిమేరలో పూడ్చను. పోండి" అన్నాడు. లోపల మంచం మీద అత్త విన్నదో లేదో తెలియదు.

మరుసటి రోజు నాయన హిందూపురంలో పెద్ద ఆస్పత్రి ఉందని, అక్కడ చూపిస్తానని చెప్పాడు. అది మద్రాసు సీమ, మా రాజుగారి ఎల్లకు అవతల. మా అమ్మ నమ్మింది. నోట్లో నాలుక లేని మా అమ్మ ఆనందం పట్టలేక, అత్తకు తల దువ్వి, తన పెళ్ళినాటి చీర కట్టి, నడిపించుకుని తెచ్చి ఆ రెండో సీట్లో కూర్చోబెట్టింది. ఇంకెవరైనా తోడు వెళదామంటే చోటేది? రెండే సీట్లు. అత్త సీటు తోలు మీద చెయ్యి పెట్టి నిమురుకుని, అంత నీరసంలోనూ, "ఏందన్నా, ఇన్నాళ్ళకు నీ గుర్రం మీదికి నేను ఎక్కచ్చునా? ఎక్కినాక ఇంక నాకు దాపరికమేంది, ఆ టాపు తీసెయ్, ఊరంతా చూడనీ" అంది. నాయన టాపు మడిచాడు. ఎప్పటిలాగే జీతగాడు వెనక నుంచి తోశాడు. ఆ రోజు మాత్రం నాయన దూసుకుపోలేదు, ఎవరూ పడలేదు. అత్త తెల్లబారిన చేతులు రెండూ పైకెత్తి అరుగుల మీది ఆడవాళ్ళకు ఊపుకుంటూ వెళ్ళింది. నేను వీధి చివరిదాకా పరుగెత్తాను. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు.

నాయన మరునాడు ఒక్కడే వచ్చాడు. కారు నేరుగా ఇంటికి రాలేదు, ఊరి నడుమ ఆగింది. ఈసారి ఇంజను ఆపి, కిందికి దిగి, అందరూ వినేలా చెప్పాడు: నా చెల్లెల్ని ఎల్ల దాటించి హిందూపురం అవతల ఒక సత్రంలో పెట్టి వచ్చాను, అక్కడే పోతుంది, అక్కడే మట్టిలో కలుస్తుంది, మీ వానకు ఇక నా ఇంటి నుంచి అడ్డం లేదు, పటేలు న్యాయం తప్పాడని ఏ కొడుకూ అనలేడు. ఆస్పత్రి గడప కూడా తొక్కించలేదు. మనుషులు ఒక్కొక్కరే తలవంచుకుని ఇళ్ళకు పోయారు. అది తన మీద గౌరవమనుకున్నాడు ఆయన.

ఆ సాయంత్రం జీతగాడు మా పెరటి వాకిట్లో వచ్చి కూలబడ్డాడు. అమ్మా నేనూ అక్కడే ఉన్నాము. "అమ్మా, ఆయమ్మను తవ్వుతామని యాడన్నా అంటిమా? నాకు ఇన్నేండ్లు అన్నం పెట్టిన చెయ్యి అది. మా నాయన విషయంలో తప్పయిందిరా అని పటేలప్ప ఒక్క మాట అంటే చాలనుకుంటి. ఆ ఒక్క మాటకే నేను వచ్చింది. ఆయమ్మను బావి చేన్లో నేనే పూడుస్తుంటి కదమ్మా" అని తల బాదుకుని ఏడ్చాడు.

అమ్మ జీవితంలో మొదటిసారి నాయన ఎదుట నిలబడి, ఆ మాట చెప్పి, పోయి తీసుకురండి అంది. నాయన పెట్రోలు లేదన్నాడు. ఎద్దులబండి ఉంది కదా అంది. అప్పుడు ఆయన లేచి, "జీతగానికి తప్పయిందని చెప్పేదానికి నేను పటేలునైనానా? చెప్పిన మాట వెనక్కి తీసుకునేది లేదు, ఇంకొకసారి నోరెత్తితే నువ్వూ ఆ సత్రానికే పోతావు" అన్నాడు. పెట్రోలు చీటీ కోసం గుమస్తాల ముందు వంగిన నడుము అది. ఇంటి మనిషి ప్రాణం కోసం వంగలేదు. మా నాయనే, కన్నవాడే, అయినా చెబుతున్నాను, రాయి నయం.

జీతగాడు ఎవరికీ చెప్పకుండా మా ఎద్దులనే బండికి కట్టుకుని బయలుదేరాడు. ఆ ఎద్దుల నడకకు హిందూపురం దగ్గరా ఏమన్నానా? అతను సత్రం చేరేసరికి అత్త చనిపోయి, పూడ్చడం కూడా అయిపోయింది. సత్రం కాపలా ముసలామె చెప్పిందట, రోడ్డు మీద మోటారు చప్పుడైతే చాలు, లేచి కూర్చుని కొంగు సర్దుకునేదని. మా అన్న వస్తాడు, డాక్టరును పిలుచుకుని వచ్చేదానికి పోయినాడు అనేదని. ఆ ముసలామే అతనికి సత్రం వెనక వాగు ఒడ్డున కొత్త మట్టి చూపించింది. అతను తిరిగి వస్తుంటే దారిలోనే పట్టుకుంది వాన. ముందు ఆ సత్రం వైపే కురిసిందట, అత్త ఉన్న మట్టి మీదే, వాగు పొంగేలా. ఆ తర్వాతే మా ఊరికి వచ్చింది.

అయినా మా ఊళ్ళో పెద్దలు, చూస్తిరా, పటేలు త్యాగానికి ఫలితం అన్నారు. ఒకరిద్దరు నాయనకు శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాడు. ఎద్దులను అడక్కుండా తోలుకుపోయినందుకు జీతగాణ్ణి అందరి ముందరా కొట్టి తరిమేశాడు. ఆ తర్వాత అతని వీధి నుంచి కారు తోయడానికి ఒక్కరూ రాలేదు, ఎవరిని పిలిచినా నడుము నొప్పనేవాళ్ళు. నాయన ఒక్కడే హ్యాండిలు తిప్పి తిప్పి, అది ఎదురు తన్నితే మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కారు పాకలో పడి ఉంది. రాజుగారి పాలన పోయి, పటేలు పెత్తనాలు సన్నగిల్లిన తర్వాత ఎప్పుడో పాత ఇనుముకు వెళ్ళిపోయింది. నాయన చివరిదాకా ఆ ఒక్క మాట అనలేదు. మాతో కూడా అనలేదు.

పెళ్ళయి పిల్లలు పుట్టిన తర్వాత నేను బస్సెక్కి హిందూపురం పోయి వెతికాను. సత్రం లేదు, అక్కడ బియ్యం అంగళ్ళు వరసగా ఉన్నాయి, వాగును పూడ్చి ఇళ్ళు కట్టారు. మా వైపు నుంచి ఆ చోటు చూసిన మనిషి మా జీతగాడు ఒక్కడే, అప్పటికే ఆయనా పోయాడు.

కాలం మారిందంటారు, మారింది. ఇప్పుడు తొన్నుకు ఆస్పత్రిలో పూతమందు రాసిస్తున్నారు, ఆ మొన్నటి పెళ్ళిలోనే మచ్చలున్న పిల్ల ఒకతె చేతులు లేని రవికె తొడుక్కుని హాయిగా డాన్సు చేసింది, ఎవరూ తిరిగి చూడలేదు. నేనే కళ్ళార్పకుండా చూశాను. మా బావి చేను మాత్రం చేనుగా లేదు. వల్లూరు చుట్టూ ఉన్న చేలన్నీ సోలారు కరెంటు కంపెనీకి బాడుగకు ఇచ్చినప్పుడు మా వాళ్ళు అదీ ఇచ్చేశారు. మా అవ్వను, అంటే నాయన అమ్మను, పూడ్చిన చోటి మీద నల్లటి అద్దాలు వరసలు తీరి ఉన్నాయి, చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా. మా మనవడొకడు అందులోనే అద్దాలు తుడిచే పనికి పోతాడు. వాన లేదురా, ఈ ఏడూ లేదేమో అని నేను దిగులుపడితే వాడు నవ్వి, "మాకు వాన ఎందుకవ్వా, మబ్బు పట్టకుంటే అదే చాలు" అంటాడు. వాడి తప్పేమీ లేదు. వానను అడ్డుకుంటుందని మా అత్తకు ఇవ్వని మట్టి అది, ఇప్పుడు దానికి వానే అక్కర్లేదు.